పిట్ట వేయని ముడి

శ్రీవారికి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, అత్తయ్యగారు, నా కుట్టుమిషను, మీటరు పెట్టెలో కాపురం పెట్టిన పిచ్చుకల జంట. మీరూ మీ సొరంగమూ క్షేమమనే తలుస్తున్నాను. కొండ లోపల గాలి సరిగ్గా ఆడడం లేదని రాశారు కదా, ఈ ఉత్తరమైనా బయటికొచ్చి ఎండలో కూర్చుని చదవండి. కూర్చునే చదవండి. నిలబడి చదవగలిగే ఉత్తరం కాదిది.

మీ ఉత్తరం మంగళవారం అందింది. అందులో ఆరు ప్రశ్నలున్నాయి. మూడు పిట్టల గురించి, ఒకటి పక్షిసంఘం కార్యదర్శిగారి గురించి, ఒకటి కోటు గురించి, ఒకటి అత్తయ్యగారి దగ్గు గురించి. నేనెలా ఉన్నానో అడగడం మరిచిపోయినట్టున్నారు. అంతకుముందు ఉత్తరంలోనూ మరిచిపోయారు కాబట్టి నాకేం కొత్తగా అనిపించలేదు. అడిగినవాటన్నిటికీ జవాబు రాస్తాను, కాకపోతే మీరు అడిగిన వరసలో కాదు, నాకు నచ్చిన వరసలో.

అత్తయ్యగారి దగ్గు తగ్గింది. తగ్గిందని ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఒప్పుకుంటే తేనెసీసా మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోతుందని భయం. పక్కింటి రిటైర్డు నర్సమ్మతో రోజూ పేకాడుతున్నారు. నర్సమ్మ కళ్ళజోడు తుడుచుకునేలోపు ఆవిడ ముక్క మార్చేయడం నేను నా కళ్ళతో చూశాను. అడిగితే ఈ వయసులో దేవుడు కూడా చూసీ చూడనట్టు పోతాడన్నారు.

ఇక పిగిలిపిట్ట. వెనక కిటికీ పక్క తీగపొదలోనే కట్టుకుంది. టేపు పెట్టి కొలిచాను, నేల నుంచి నలభై మూడు అంగుళాలు. మూడు గుడ్లు పెట్టింది. పోయిన గురువారం రెండు పిల్లలయ్యాయి, మూడోది మురిగిపోయింది. తల్లి ఆ గుడ్డును రెండు రోజులు చూసి చూసి ఇక పట్టించుకోవడం మానేసింది. పిల్లలకి ఇంకా ఈకలు రాలేదు, నోరు మాత్రం ఒంటికంటే పెద్దది. ఇదంతా నిజం. నిజమని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానో కిందికి వెళ్ళేకొద్దీ మీకే అర్థమవుతుంది.

"కిటికీ మూసే ఉంచుతున్నావు కదా" అని అడిగారు. లేదండీ. బార్లా తెరిచాను. తెరిచి ఇరవై రోజులైంది. మిషను కూడా ముందుగదిలోంచి లాక్కొచ్చి కిటికీ కిందే వేసుకున్నాను. చలి తగ్గింది మొదలు వానలు పడేదాకా వెనక కిటికీ తెరవకూడదు, తొమ్మిదింటి దాకా కొళాయి దగ్గర అంట్లు తోమకూడదు, తీగ మీద తేనెపిట్ట గూడు కడితే నలభై రోజులు దాని మీద బట్టలు ఆరేయకూడదు, మిషను చప్పుడు పెరట్లోకి వినపడకూడదు. మీరు కొండ లోపల కూర్చుని పెట్టిన ఈ రూళ్ళన్నీ ఇన్నేళ్ళు పాటించాను. ఆ ముందుగదిలో పగలే బల్బు వేసుకుని కాజాలు కుట్టీ కుట్టీ నా కళ్ళజోడు అద్దాలు మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. తీరా ఇప్పుడు చూస్తే పిగిలిపిట్టకి నా మిషను అంటే ఏ మాత్రం ఖాతరు లేదు. మొదటిరోజు తల పక్కకి వంచి చూసింది. రెండో రోజు నా బల్ల మీదికే వచ్చి ఎర్ర దారపు ముక్క ఎత్తుకుపోయింది. అన్నేళ్ళ చీకటి ఎవరి కోసమో నాకు అంతుపట్టలేదు.

కోటు పూర్తయింది. ముదురు నీలం గుడ్డే దొరికింది. భుజాలు పాత కొలతకే పెట్టి, నడుము దగ్గర మాత్రం అరంగుళం వదిలాను. సొరంగం క్యాంటీను వంట మీ ఒంటికి బాగానే పడుతున్నట్టుంది. పక్షిసంఘం సభలో పదిమంది ముందు నిలబడే కోటు కాబట్టి లోపలి అస్తరు కూడా చేత్తోనే కుట్టాను. పార్సెలు నిన్ననే వేశాను. మనిషి మీద కోపం గుడ్డ మీద చూపించే అలవాటు నాకు లేదు. వేసుకుంటే బాగుంటారు.

కార్యదర్శిగారు వచ్చారా, వచ్చి ఏమన్నారు, నిమ్మచెట్టు కొమ్మ చూశారా అని అడిగారు. వచ్చారు. మూడు రోజులున్నారు. ఆవిడ వెళ్ళి కూడా ఇరవై రోజులైంది, అయినా మీకొక్క ముక్క రాయలేదు. ఆవిడ సంగతి రాయాలంటే ముందు మీ పుస్తకం సంగతి రాయాలి. దాని గురించి మాట్లాడి మూడేళ్ళయింది కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మన పెళ్ళయిన కొత్తలో మీరు మొదటిసారి సొరంగం పనికి వెళ్తూ బైనాక్యులర్ నా చేతికిచ్చారు. పెరట్లో ఏం కనిపిస్తే అది రాసి పంపు, అక్కడ నాకు రాళ్ళు తప్ప ఏమీ కనిపించవు అన్నారు. అప్పటికి నాకు కాకీ పిచ్చుకా తప్ప తెలిసిన పిట్ట లేదు. బైనాక్యులర్ తిరగేసి పట్టుకుని మన చెట్టు ఇంత దూరం ఎలా పోయిందా అనుకున్న మనిషిని. అలాంటి నేను మెట్ల మీద కూర్చుని కూర్చుని నేర్చుకున్నాను. ఏది ఇక్కడిదో, ఏది దారినపోయేదో, ఏది మగదో ఏది ఆడదో, ఏ కూత ఆకలికో ఏ కూత పిల్లి వచ్చిందనో. కాగితం కోసం లేవడం ఇష్టంలేక నా ఆర్డర్ల పుస్తకంలోనే వెనక పేజీల్లో రాసుకునేదాన్ని. ముందు నుంచి తిప్పితే ఛాతీ, నడుము, చేతుల పొడవు. వెనక నుంచి తిప్పితే పిట్టలు. ప్రతి శనివారం అందులోంచి మంచివి ఏరి మీకు ఉత్తరం రాసేదాన్ని. పదకొండు వసంతాలు అలా రాశాను. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఏవేవో రాసుకుంటారట. నేను మాత్రం పిట్టలు రాశాను, అవే నాకు అన్నీ. మీరు నా ఉత్తరాలు దాచుకుంటున్నారని తెలిసి ఎంత మురిసిపోయానో నాకే తెలుసు.

దాచుకున్నది ఎందుకో పుస్తకం అచ్చయ్యాక తెలిసింది. పక్షిసంఘం వాళ్ళే వేశారు, అట్ట కూడా బాగుంది. నాలుగు కాపీలు ఇంటికి పంపారు. కాజాలు పక్కన పడేసి ఆ సాయంత్రం అంతా చదివాను. చదువుతుంటే నా మాటలే నాకు ఎదురొస్తున్నాయి. "ఉదయం ఆరున్నరకి నేను వెనక మెట్ల మీద కూర్చుని ఉండగా" అని ఉంది. ఆరున్నరకి మీరు కొండ కింద ఉంటారు, మెట్ల మీద ఉన్నది నేను. "కొళాయి కింద నీళ్ళ గుంటలో ఎర్రగొంతు పిట్ట స్నానం చేయడం నా కళ్ళారా చూశాను" అని ఉంది. ఆ గుంట తవ్వింది నేను, ఆ చూసింది నేను, తడిసింది నా చీర. పిట్టలకి మనిద్దరం పెట్టుకున్న పేర్లు కూడా మీరొక్కరే పెట్టినట్టు రాశారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే విన్నాను గానీ ఇంత అందంగా అచ్చేసి చూపించినవాళ్ళు లేరు.

ముందుమాటలో అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. సంఘానికి, అచ్చు వేసినవాళ్ళకి, కని పెంచిన తల్లికి. బైనాక్యులర్‌కి రెండు వాక్యాలు. ఆఖరున "ఇల్లు చక్కబెట్టి నాకీ తీరిక కల్పించిన ఇల్లాలికి" అని అర వాక్యం. ఆ అర వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు.

వానలు మొదలై మీరు ఇంటికొచ్చాక అడిగాను, గుర్తుందా? అరవలేదు, ఏడవలేదు. మీకు టీ ఇచ్చి, "పుస్తకంలో నేనెక్కడా లేనేమండీ?" అన్నాను. మీరు నవ్వి, "పిచ్చిదానా, నీ పేరూ నా పేరూ వేరా?" అన్నారు. అని టీ తాగి, పంచదార తక్కువైందన్నారు.

ఆ రోజు నుంచి నేను పెరట్లోకి చూడడం మానేశాను. మీకు చెప్పలేదు. పన్నెండో వసంతం వచ్చింది, పిట్టలు వచ్చాయి, నేను ముందుగదిలో వీపు తిప్పుకుని కూర్చున్నాను. కూత వినపడితే మిషను ఇంకాస్త గట్టిగా తొక్కేదాన్ని. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు మీ మీది కోపం ఆ పిట్టల మీద చూపించాను. అయినా శనివారం శనివారం మీకు ఉత్తరం మాత్రం వచ్చింది కదా? అదెలా వచ్చిందో ఇప్పుడు చెబుతాను. ఇది చెప్పడానికే ఇంతసేపూ అత్తయ్యగారి పేకాటా కోటు నడుమూ రాశాను.

పన్నెండో వసంతం మొత్తం కల్పించి రాశాను. వంటింట్లో కూర్చుని, ఉల్లిపాయలు తరుగుతూ, ఏది నోటికొస్తే అది. పిగిలిపిట్ట ఆరు గుడ్లు పెట్టిందని రాశాను. అది మూడింటికి మించి పెట్టదని పదకొండేళ్ళు మీకు రాసింది నేనే. మీరు చదివి అనుమానపడతారేమో, అడుగుతారేమో, అడిగితే దొరికిపోతానేమో అని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే దొరికిపోవాలనే ఆశపడ్డాను. మీరు అడగలేదు. ఆరు గుడ్లనీ అలాగే సంఘం పత్రికకి పంపించారు, కింద మీ పేరు వేసుకుని. వేరు కాదన్నారుగా మన పేర్లు. సరే, అయితే నా అబద్ధం కూడా మీదే కానివ్వండి అనుకున్నాను.

పోయిన ఏడాది ఎర్రగొంతు గూడు కట్టిందని రాశాను.

మీరడిగారు, "ఎర్రగొంతు ఈసారి కూడా గూడు కడుతోందా" అని. కట్టడం లేదు. ఈ వసంతమూ వచ్చింది, అయిదు రోజులుంది, కత్తెర ఆడించినట్టు టిక్కుటిక్కుమంటూ తోక ఎగరేసింది, చలికొండల వైపు వెళ్ళిపోయింది. అది ఏటా చేసేది అంతే. మన పెరడు దానికి దారిలో మజిలీ. ఇక్కడ గూడు కట్టదు. పోయిన ఏడాదీ కట్టలేదు. ఏనాడూ కట్టలేదు.

నిమ్మచెట్టు కొమ్మ సందులో మీరు చూసిన గూడు నేను చేశాను. కొళాయి దగ్గరి పాచి, గోడమూల సాలెగూళ్ళు, నా దువ్వెనలో వెంట్రుకలు, మిషను కింద రాలిన దారాలు. రెండు పాడైపోయాయి, మూడోది కుదిరింది. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. కోటు కుట్టడం దానికంటే తేలిక. ముక్కుతో, అదీ చేతులు లేకుండా, ఆ పని ఎలా చేస్తాయో తలుచుకుంటే సిగ్గేసింది. వానలకి మీరొచ్చి స్టూలెక్కి రెండు చేతులతో దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారే, అప్పుడు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మీ మొహంలో అంత సంతోషం మన పెళ్ళిలో కూడా నేను చూడలేదు. ఆ మాట తట్టగానే నోరు మూసుకున్నాను. మీరు దాన్ని గాజుపెట్టెలో పెట్టించి సంఘానికిచ్చారు. దారిన పోయే పిట్ట ఇక్కడ గూడు కట్టడం ఇదే మొదటిసారని, తల్లి పిల్లలకి పురుగులు తినిపించడం ఏడో తారీఖు ఉదయం నా కళ్ళతో చూశానని పత్రికలో నాలుగు పేజీలు రాశారు. దాని మీద మాట్లాడమనే ఇరవయ్యో తారీఖు సభకి మిమ్మల్ని పిలిచారు.

ఇప్పుడు కార్యదర్శిగారి సంగతి.

ఆవిడ అరవై దాటిన మనిషి, వెనకటికి స్కూల్లో లెక్కలు చెప్పేవారట. మాట తక్కువ. వచ్చీరాగానే నిమ్మకొమ్మ చూశారు, భూతద్దం పెట్టి బెరడు చూశారు, ఏమీ అనలేదు. మూడు ఉదయాలు మన మెట్ల మీద కూర్చున్నారు. మూడో ఉదయం లేవబోతూ నిమ్మముల్లుకి కోటు చెయ్యి పట్టుకుని చిరిగింది. ఇలా ఇవ్వండి, రెండు నిమిషాల పని అని ఆవిడ పక్కనే కూర్చుని కుట్టాను. ఆఖరున ముడి వేసి దారం పంటితో తెంపాను. మా అమ్మ నేర్పిన ముడి, రెండు చుట్లు చుట్టి వెనక నుంచి దూర్చేది. తలెత్తేసరికి ఆవిడ నా చేతుల వైపే చూస్తున్నారు.

"ఈ ముడి నేను ఇంతకుముందు చూశానమ్మా" అన్నారు. "గాజుపెట్టెలో ఉన్న గూడు అడుగున ఉంది. గిజిగాడైతే ముడి వేస్తుంది. ఎర్రగొంతు వేయదు. అది వేసిందెవరా అని చూద్దామనే ఇంతదూరం వచ్చాను."

నా వేళ్ళు నన్ను పట్టిచ్చాయండీ. దారం ఉన్నచోట ఆఖరున ముడి వేయకుండా లేవడం ఈ చేతులకి తెలియదు. పిట్ట గూడు చేస్తున్నానన్న సంగతి మెదడుకి గుర్తుంది, వేళ్ళకి లేదు. ఎంత తెలివిగా చేశాననుకున్నానో చూడండి.

లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టె తీసి, నా ఆర్డర్ల పుస్తకాలన్నీ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు తెలియదు. తిట్టేలోపు ఒక్కసారి ఎవరైనా చూస్తే చాలనిపించింది. ఆవిడ వెనక నుంచి మొదలుపెట్టారు. ఎండ మెట్ల మీంచి గోడ మీదికి పోయేదాకా చదివారు. మధ్యలో రెండుసార్లు నవ్వారు. ఒకసారి వెనక్కి తిప్పి మళ్ళీ చదివారు. నేను పక్కన కూర్చుని, పరీక్ష పేపరు దిద్దుతుంటే చూసే పిల్లలా చేతులు నలుపుకున్నాను. పదమూడేళ్ళలో నేను రాసింది నా ఎదురుగా ఒకరు చదవడం అదే మొదటిసారి.

చివరి రెండు పుస్తకాలకి వచ్చేసరికి వెనక పేజీలన్నీ ఖాళీ. ఛాతీ, నడుము తప్ప ఏమీ లేవు.

"ఈ రెండేళ్ళూ పిట్టలు రాలేదా?" అన్నారు.

"వచ్చాయండీ. నేనే చూడలేదు" అన్నాను.

అనేసరికి ఏడుపొచ్చింది. మీ కోసం కాదు. మీ మీద పగ పట్టి రెండు వసంతాలు పోగొట్టుకున్నది నేనే అని అప్పుడు తెలిసింది. మీకేం పోలేదు, మీకు సభ వచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. నేను ముక్కు తుడుచుకునేదాకా ఆగి, గుంట వైపు వేలు చూపించారు. ఎర్రగొంతు వచ్చి ఉంది. రెండేళ్ళ తర్వాత చూశాను. అదే గొంతు, అదే తోక, ఎప్పుడూ పోనట్టే స్నానం చేస్తోంది. ఆవిడ తన పెన్సిలు నా చేతిలో పెట్టి, "రాసుకోండి" అన్నారు. తారీఖు వేసి రాశాను.

ఆ తర్వాత అసలు మాట చెప్పారు. సంఘంలో ఒక రూలుందట. ఎవరి పేరు మీదైనా ఒక్క పరిశీలన కల్పితమని తేలితే ఆ పేరు మీదున్నవన్నీ కొట్టేస్తారు. ఒకటి అబద్ధమైతే మిగతావి నిజమని ఎవరు నమ్ముతారన్నది వాళ్ళ లెక్క. అంటే మీ పేరు మీదున్న పదమూడు వసంతాలూ పోతాయి. పుస్తకం కూడా వెనక్కి తీసుకుంటారు. నేను కోరుకున్న పగ అదేగా, నెత్తిన పాలు పోసినట్టు ఉండాలి. కానీ అందులో పదకొండు నావి. అణా కాణీ అబద్ధం లేని పదకొండు వసంతాలు. మీ పేరు కింద ఉన్న పాపానికి మీతోపాటు మునుగుతాయి.

నేను అడిగాను, పుస్తకాలు నా చేతిరాతలో ఉన్నాయి కదా, వాటిని నా పేరు మీదికి మార్చకూడదా అని. మార్చొచ్చు, కానీ ఎవరి పేరు మీదున్నాయో ఆ మనిషే సభలో లేచి చెప్పాలన్నారు. నాకు భయమేసి, గూడు చేసిన నా మాట చెల్లుతుందా అన్నాను. ఆవిడ ఇలా అన్నారు: "మీరు మీ ఆయనకి ఉత్తరంలో ఏం రాసుకున్నారో నాకనవసరం. మీరు మా సంఘానికి ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు. నా కళ్ళతో చూశానని అచ్చులో వేయించింది ఎవరో అదే నాక్కావాలి."

సభలో మీరు మాట్లాడడం అయ్యాక ఆవిడ మిమ్మల్ని ఒక్కటే ప్రశ్న అడుగుతారు. ఏడో తారీఖు ఉదయం మీరెక్కడున్నారని. సొరంగం హాజరు పట్టీ తెప్పించుకున్నారు. గాజుపెట్టె మీ ముందు బల్ల మీదే ఉంటుంది. ఈ సంగతి మీకు ముందుగా చెప్పొద్దని ఆవిడ నన్ను అడగలేదు, చెప్పమనీ అనలేదు. నేను ఇరవై రోజులు ఆలోచించాను. ఈ ఉత్తరం ఇరవై ఒకటో తారీఖుకి అందేలా వేద్దామని మూడుసార్లు అనుకున్నాను. కొత్త కోటు వేసుకుని నిలబడి, నోరు తెరుచుకుని, జవాబు వెతుక్కునే మిమ్మల్ని తలుచుకుంటే నాకు ఆకలి కూడా బాగా వేసేది. దాచుకోవడం దేనికి, ఇప్పటికీ వేస్తోంది.

అయినా ముందే వేస్తున్నాను. మీరంటే జాలి కలిగి కాదు. తెలియక దొరికిపోతే అది ప్రమాదం అవుతుంది, మీరు ఇంటికొచ్చి నన్ను తిట్టుకుని ఊరుకుంటారు. తెలిసి లేచి నిలబడాలి. అదే నాక్కావాల్సింది.

కాబట్టి సభలో మీరు రెండు మాటలు చెప్పాలి. పదకొండు వసంతాలు చూసిందీ రాసిందీ మా ఆవిడ, పుస్తకం ఆవిడది అనేది ఒకటి. చివరి రెండేళ్ళూ చూడకుండా చూశానని రాసింది నేను, అబద్ధం నాది అనేది రెండోది. రెండో మాట అన్యాయమనిపిస్తే మీ నాలుగు పేజీలు తీసి మళ్ళీ చదువుకోండి. నేను మీ ఒక్కరికి అబద్ధం రాశాను. మీరు లోకానికంతా రాశారు. గూడు నాదే, ఒప్పుకుంటున్నాను, ఎవరడిగినా చెబుతాను. కళ్ళు మాత్రం మీవని మీరే రాశారు.

ఈ రెండూ చెబితే నా పదకొండు నా పేరు మీద బతుకుతాయి, మీ రెండు మీ పేరు మీద పోతాయి. చెప్పకపోతే పదమూడూ పోతాయి. మూడో దారి లేదు, ఉంటే వెతకడానికి ఇరవై రోజులు నాకు చాలేవి. నా ఉత్తరాలు చింపేద్దామనుకుంటారేమో, అక్కర్లేదు. ఆర్డర్ల పుస్తకాలు కార్యదర్శిగారు రసీదు ఇచ్చి తీసుకెళ్ళారు. ఈ ఏడాదిది ఒక్కటే నా దగ్గరుంది. పిగిలిపిట్ట నలభై మూడు అంగుళాలు అందులోనే ఉంది.

నిన్న పేకముక్కలు పంచుతున్న అత్తయ్యగారికి ఇదంతా చెప్పాను. కొడుకు మీద చెబుతున్నాను, నన్నే తిడతారనుకున్నాను. ఆవిడ ముక్కలు సర్దుకుంటూ, "వాడు మూడో తరగతిలో కూడా పక్కపిల్ల పలకలోవే చూసి రాశాడు. ఆ పిల్ల కూడా నీలాగే ఊరుకుంది. ఊరుకోబట్టే కదా వాడికి అలవాటైంది" అన్నారు. నేను సభకి వెళ్ళొచ్చేదాకా నర్సమ్మని తోడుంచుకుంటానన్నారు.

అవును, నేనూ వస్తున్నాను. కార్యదర్శిగారు నా పేరు మీద పిలుపు పంపారు. కవరు మీద నా పేరొక్కటే ఉంది, ఫలానావారి భార్య అని లేదు. మూడో వరసలో కూర్చుంటాను. ఆవిడ ప్రశ్న అడిగినప్పుడు నా వైపు చూసి కళ్ళతో బతిమాలొద్దు, ఆ కళ్ళకి నేను చాలాసార్లు లొంగాను. ఇన్నేళ్ళూ నేను చూశాను, మీరు చెప్పారు. ఆ రోజు మీరు చెప్పండి, నేను చూస్తాను.

ఇట్లు,
ప్రస్తుతానికి
మీ అమ్మగారి కోడలు